‘జ్వరం’ అని రాసి ఉన్నచోట ఆగిపోవద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు వంటి పట్టణాల చరిత్ర రాయాలనుకునే యువకులు పాత మునిసిపల్ జనన మరణాల రిజిస్టర్లు తెరవడం మంచి పరిణామం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ మన డెల్టా పట్టణాల్లో ఏడాది నిండకుండా పోయిన పసిపిల్లలు ఎందరు, వాళ్ళు దేనితో పోయారు అన్న లెక్క ఎవరో ఒకరు తీయాల్సిందే. అయితే ఆ పనికి దిగినవాళ్ళు ముందుగా చేసేది మరణ కారణం గడిలో ఉన్న మాటల్ని కూడడం. కూడితే ‘జ్వరం’ అన్నిటికంటే పైన నిలుస్తుంది. దాన్ని పట్టుకుని మలేరియా గురించో టైఫాయిడ్ గురించో రాసుకుంటూ పోతారు. ఆ దారిన పోతే లెక్క తప్పుతుంది. పసిపిల్లల విషయంలో కారణం గడి కంటే దాని పక్కనున్న వయసు గడి ఎక్కువ నిజం చెబుతుంది. వయసు ఎన్ని రోజులు, చనిపోయింది ఏ నెలలో, ఏ వీధిలో అన్న మూడూ కలిపి చదివితేనే ఆ ‘జ్వరం’ ఏమిటో తెలుస్తుంది. ఆ చదివే పద్ధతి గురించే ఈ ఉత్తరం.

ఆ మాట ఎంత పెద్ద గోతామో ముందు చూడండి. దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించడానికి బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదికలో 1932 నుంచి 1941 దాకా బ్రిటిష్ ఇండియాలో నమోదైన చావులకు ఏటా సగటు లెక్క ఉంది. నూటికి 58.4 జ్వరాలు. శ్వాస జబ్బులు 7.6, విరేచనాలూ జిగట విరేచనాలూ కలిపి 4.2, కలరా 2.4, మశూచి 1.1, ప్లేగు 0.5. మిగిలిన 25.8 ‘ఇతర కారణాలు’. నూటికి 84 చావులు ఏ జబ్బు పేరూ లేని రెండు పద్దుల్లో పడ్డాయన్నమాట. అదే నివేదిక ప్రకారం మొత్తం చావుల్లో దాదాపు నాలుగో వంతు ఏడాది లోపు పిల్లలవి. 1937లో వెయ్యి జననాలకు 162 మంది పసివాళ్ళు పోయారు. అదే ఏడు ఇంగ్లండులో 58.

ఆ మాట రాసిందెవరు? పల్లెల్లో తలారి తెచ్చిన కబురు విని గ్రామ మునసబు రాసేవాడు. పట్టణంలో మునిసిపాలిటీ ఆరోగ్య సిబ్బంది, ఇంటివాళ్ళు చెప్పింది విని రాసేవారు. డాక్టరు చూసిన పసిబిడ్డ అరుదు. విశాఖపట్నంలో వైద్య కళాశాల మొదలైందే 1923లో. పురిటింట్లో పుట్టి పురిటింట్లోనే పోయిన బిడ్డ దగ్గరికి మంత్రసాని తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. ‘ఏమైంది’ అని అడిగితే ‘ఒళ్ళు కాలిపోయింది’ అనేవారు. నిజమే, చివరి గంటల్లో చాలామంది పిల్లలకు ఒళ్ళు కాలుతుంది. ఇంకో సంగతి ఏమిటంటే, పైకి పంపాల్సిన నెలవారీ పట్టికలో పద్దులు ముందే నిర్ణయమై ఉండేవి. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాస జబ్బులు, గాయాలు, ఇతరాలు. దేనికీ సరిపడని చావును గుమాస్తా జ్వరాల్లోకో ఇతరాల్లోకో తోసేవాడు. అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ పట్టికను అంటురోగాల మీద కన్ను వేసి ఉంచడానికి తయారు చేశారు. పసిపిల్లలు ఎందుకు పోతున్నారో తెలుసుకోవడానికి కాదు.

కాబట్టి మొదట చేయాల్సింది ఇది. ఏడాది లోపు చావులన్నిటినీ కారణంతో పని లేకుండా, చనిపోయిన వయసును బట్టి సర్దండి. మొదటి నెలకు ఒక్కొక్క రోజుకూ ఒక్కొక్క గడి పెట్టండి. పుట్టిన రోజే, ఒకటో రోజు, రెండో రోజు, అలా ఇరవై ఏడో రోజు దాకా. ఒక ఏడాది చావులు తక్కువైతే అయిదేళ్ళవి కలపండి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, కాన్పు కష్టమై ఊపిరి అందనివాళ్ళు పుట్టిన రోజునా ఆ తర్వాతి రెండు రోజుల్లోనూ ఎక్కువగా పోతారు. అక్కడి నుంచి అంకెలు మెల్లగా దిగాలి. అలా దిగకుండా అయిదో రోజు దగ్గర మళ్ళీ లేచి, ఏడెనిమిది రోజుల దగ్గర దిబ్బలా కనిపించి, రెండో వారం చివరికి సర్దుకుంటే, ఆ దిబ్బ ధనుర్వాతం (టెటనస్). కారణం గడిలో జ్వరం అని ఉన్నా, సంధి అని ఉన్నా, ఈడ్పులు అని ఉన్నా, పక్షిదోషం, బాలగ్రహం అని ఉన్నా సరే. నిండు బిడ్డ పుట్టాక రెండు రోజులు బాగా పాలు తాగి, మూడో రోజు తర్వాత చన్ను పట్టలేకపోయి, దవడ బిగిసి, ముట్టుకుంటే చాలు విల్లులా వంగిపోయిందంటే అది వేరే జబ్బు కావడం అరుదు. రిజిస్టరులో ఎక్కడైనా ‘పాలు పట్టలేదు’ అన్న మాట కనిపిస్తే ఆ ఎంట్రీని పక్కన విడిగా రాసుకోండి. ఒక్కోసారి కారణం గడి మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటే.

డెల్టాలో ధనుర్వాతం ఎందుకంత సులువుగా అంటుకునేదో ఆలోచిస్తే ఆ దిబ్బ ఆశ్చర్యం కలిగించదు. ఈ జబ్బు సూక్ష్మజీవి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. కోసిన బొడ్డు ఎండిపోతున్న చచ్చిన కండ, దానికి గాలి తగలదు. ఆ బీజాలు మొలకెత్తడానికి అంతకంటే అనువైన చోటు లేదు. ఇంటి వెనక పశువుల పాక, పేడతో అలికిన పురిటి గది నేల, బొడ్డు కోయడానికి కొడవలో వెదురు బద్దో, కోసినచోట అద్దడానికి పిడకల బూడిద. బొడ్డు దగ్గర మొదలైన విషం నరాలకు ఎక్కడానికి మూడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే ఆ దిబ్బ ఆ రోజుల్లోనే వస్తుంది. మంత్రసానులు అజ్ఞానంతో చంపారని రాసేవాళ్ళకు ఒక మనవి. బీజాలు మామూలుగా నీళ్ళు మరగబెట్టినంత మాత్రాన తప్పనిసరిగా చావవు. వాటిని చంపాలంటే ఒత్తిడి మీద ఆవిరి కావాలి. కొత్త బ్లేడు పనికొచ్చేది, అది మట్టిని తాకలేదు గనక. అసలు రక్షణ గర్భిణికి ఇచ్చే టీకాది. నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, రెండోది కాన్పుకు కనీసం రెండు వారాల ముందు పడితే తల్లి రక్తంలోని రక్షణ బిడ్డకు చేరుతుంది. ఆ టీకా ఆ రోజుల్లో ఏ మంత్రసాని చేతిలోనూ లేదు. పసిపిల్లల ధనుర్వాతాన్ని తుడిచిపెట్టిన రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటిసారి గుర్తింపు పొందింది 2003లో. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. 1930లో ఏలూరు వీధుల్లో పోయిన బిడ్డకూ ఈ తేదీలకూ నడుమ ఉన్న దూరం చరిత్ర రాసేవాళ్ళకు గుర్తుండాలి.

దిబ్బ కనిపించకపోతే జబ్బు లేదని సంబరపడకండి. మొదటి మూడు రోజుల అంకెలు కూడా చూడండి. అవి మరీ తక్కువగా ఉంటే పురిట్లో పోయిన పిల్లలు అసలు రిజిస్టరుకే ఎక్కలేదని అర్థం. పురిటి మైల తీరకముందే, పేరు పెట్టకముందే పోయిన బిడ్డను మునిసిపాలిటీకి చెప్పాలని ఎవరికి తోస్తుంది? పైగా పసిపిల్లలను దహనం చేయరు, పూడుస్తారు. శ్మశానం కాపలాదారు లెక్కతో సరిచూద్దామన్నా అక్కడా దొరకరు. ఒకటి రెండు సార్లు ఊపిరి తీసి పోయిన బిడ్డను ‘చచ్చి పుట్టింది’ అని చెప్పడమూ ఉంది. అందుకని చచ్చి పుట్టినవాళ్ళ వివరాలు ఉంటే వాటిని కూడా మొదటి వారం చావుల పక్కనే పెట్టుకుని చూడాలి. మొత్తం ఏడాది లోపు చావుల్లో మొదటి నెలవి మూడో వంతు కంటే తక్కువ అని తేలితే, ఆ రిజిస్టరును అనుమానంతోనే చదవాలన్నది మేము పెట్టుకున్న కొండగుర్తు.

‘బలహీనం’ అన్న మాట విషయంలోనూ వయసే తీర్పు చెప్పాలి. రెండో రోజున బలహీనమంటే నెలలు నిండని బిడ్డ. నాలుగో నెలలో బలహీనమంటే పాలు లేని బిడ్డ. అప్పుడు అదే ఇంటి నంబరుతో, అంతకు ముందు వారాల్లో తల్లి చావు ఉందేమో మరణాల పుస్తకం వెనక్కి తిప్పి వెతకండి. ఆ కాలంలో వెయ్యి కాన్పులకు 20 మంది తల్లులు పోయేవారని భోర్ కమిటీ అంచనా. తల్లి పోయిన ఇంట్లో బిడ్డ ఏడాది నిండా బతకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. పేరు, వీధి, తండ్రి పేరు కలిపి ఈ జతలను ఒక్కొక్కటిగా పట్టుకోవడం విసుగు పుట్టించే పనే. అయినా చేయండి. పుస్తకంలో వేర్వేరు పేజీల్లో ‘పురిటి జ్వరం’, ‘బలహీనం’ అని విడివిడిగా రాసిన రెండు చావులు ఒకే సంఘటన అని అప్పుడే తెలుస్తుంది.

ఇక నీళ్ళ సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట కింద కాలవలు వచ్చాక డెల్టా తిండికి లోటు లేని సీమ అయింది. కానీ ఆ కాలవ నీళ్ళే తాగే నీళ్ళు. మరమ్మతుల కోసం ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు. కట్టేముందు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటారు. ఎండ ముదిరేకొద్దీ చెరువు అడుగంటుతుంది. ఆ కాస్త నీళ్ళలోనే బట్టలు, పశువులు, బిందెలు. మళ్ళీ వరద మొదలై కాలవలు వదిలినప్పుడు గట్ల మీద, బోదెల్లో పేరుకున్నదంతా కొట్టుకొచ్చి ఎర్ర నీరు బిందెల్లోకి చేరుతుంది. బిందె లోపలి గోడకు చిల్లగింజ అరగదీస్తే మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేటపడతాయి. తేటపడిన నీళ్ళు మంచివన్న నమ్మకం అక్కడి నుంచే వచ్చింది. మట్టితో పాటు కొన్ని సూక్ష్మజీవులు అడుక్కి పోతాయి కానీ చావవు. అందుకని విరేచనాల చావులను నెలల వారీగా రాసేటప్పుడు, కాలవలు ఏ తేదీన కట్టారు, ఏ తేదీన వదిలారు అన్నది ఏ ఏటికా ఏడు పక్కన పెట్టుకోవాలి. ఏ వీధికి కుళాయి ఏ ఏడు వచ్చిందో మునిసిపల్ రికార్డుల్లోంచి తీసుకోవాలి. అవి లేకుండా ఒట్టి నెలల పట్టిక చేసి ‘వేసవి’, ‘వానాకాలం’ అంటే ఏమీ తేలదు.

విరేచనాలతో పోయిన బిడ్డ వయసు, ఆ ఇంట్లో బిడ్డకు ఏం పెట్టారో చెబుతుంది. తల్లి పాలు మాత్రమే తాగే బిడ్డకు మొదటి ఆరు నెలలూ ఈ ముప్పు తక్కువ. ఉగ్గు, పల్చటి గంజి, పశువు పాలు మొదలైన దగ్గర్నుంచి చావులు లేస్తాయి. ఉగ్గుగిన్నె ముక్కు సన్నగా ఉంటుంది, లోపల వేలు పట్టదు, మిగిలిన పాలు అక్కడే పులుస్తాయి. ఏడెనిమిది నెలల పిల్లల పద్దులో ‘పళ్ళ విరేచనాలు’ అని కనిపిస్తే పళ్ళను తప్పుపట్టకండి. పళ్ళు వచ్చే వయసూ, బయటి తిండి తినే వయసూ, నేల మీద పాకుతూ దొరికింది నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే. ‘మాడు గుంటపడింది’ అంటే ఒంట్లో నీళ్ళు ఎండిపోయిన బిడ్డ. ఒకటి రెండు నెలల పిల్లలు విరేచనాలతో ఎక్కువమంది పోయిన వీధి కనిపిస్తే, అక్కడ తల్లులకు పాలు ఎందుకు లేకపోయాయో వెతకాలి. పనికి వెళ్ళే తల్లులా, జబ్బు పడ్డ తల్లులా అని. ముర్రుపాలు పిండి పారబోసి, మొదటి మూడు రోజులూ ఆముదమో, తేనెలో తడిపిన గుడ్డో ఇచ్చే అలవాటు కూడా ఈ లెక్కలోదే. దాని ఫలితం మొదటి నెల గడుల్లో కనిపిస్తుంది, విరేచనాల పద్దులో కాదు.

కలరా ముమ్మరంగా ఉన్న నెలల్లో మాత్రం జాగ్రత్త. ఊళ్ళో వాంతిభేదులు ఉన్నప్పుడు పసివాళ్ళ మామూలు విరేచనాలను కూడా ఆ పద్దులోకే రాసేస్తారు. తిరునాళ్ళ ముందు దీనికి ఎదురుగానూ జరగవచ్చు, కలరా అని రాస్తే ఆంక్షలు వస్తాయని విరేచనాలు అనేస్తారు. 1920, 1932 గోదావరి పుష్కరాల ఏళ్ళ రాజమండ్రి పట్టికలను మిగతా ఏళ్ళతో కలిపి సగటు తీయకుండా విడిగా ఉంచండి.

ఏ నెలలో ఎక్కువ చావులు అని చెప్పే ముందు జననాలు చూశారా అన్నది మేము ఎవరినైనా మొదట అడిగే ప్రశ్న. జననాలు పన్నెండు నెలలూ ఒకేలా ఉండవు. ఒక నెలలో ఎక్కువమంది పుడితే ఆ నెలలోనూ తర్వాతి నెలలోనూ చావులు వాటంతట అవే పెరుగుతాయి. మొదటి నెల చావులను ఆ నెల జననాలతో భాగించాలి. ఏడు నుంచి పన్నెండు నెలల పిల్లల చావులకు అంతకు ముందు ఆర్నెల్ల నుంచి ఏడాది క్రితం పుట్టినవాళ్ళ సంఖ్యతో. ఈ ఒక్క సవరణతో పెద్ద పెద్ద ‘ఋతువుల’ తేడాలు చాలావరకు కరిగిపోతాయి. కరగనివే నమ్మదగినవి. చలి నెలల్లో ఒకటి నుంచి ఆరు నెలల పిల్లల్లో ‘దగ్గు’, ‘ఆయాసం’, ‘డొక్కలెగరేయడం’ మిగిలితే అది న్యుమోనియా. కోరింత దగ్గు, తట్టు ఒకే వీధిలో ఒకే నెలలో గుంపుగా వస్తాయి కాబట్టి, వరుస ఎంట్రీల్లో వీధి పేరు చూస్తే పట్టుబడతాయి. మశూచిని మాత్రం జనం పొరబడేవారు కాదు. ఆ పద్దును ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు.

ఏడాది దాటిన పిల్లల సంగతి ఈ ఉత్తరం పరిధిలోది కాకపోయినా ఒక్క మాట. ఒకటి నుంచి మూడేళ్ళ వరసలో ‘లివరు’, ‘కడుపులో బల్ల’ అని తరచూ కనిపిస్తే దాన్ని వదిలేయకండి. పాత ఇళ్ళలో జమ్మి వారి లివరు మందు పేరు తెలియనివాళ్ళు లేరు. పిల్లల కాలేయం గట్టిపడే ఆ జబ్బుకు, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పాలు కాచి పిల్లలకు పట్టడంతో సంబంధం ఉందని 1980లలో పూణె వైద్యుల పరిశోధన చూపించింది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు మాయమైంది.

ఇప్పుడు రేటు కట్టడం. ఏడాదిలో పోయిన ఏడాది లోపు పిల్లల సంఖ్యను ఆ ఏడాది సజీవ జననాలతో భాగించి వెయ్యితో గుణిస్తే శిశు మరణాల రేటు. దీనికి జనాభా లెక్కలతో పని లేదు. ఉన్న చిక్కంతా జననాలు తప్పిపోవడంలోనే. ఉదాహరణకు ఒక పట్టణంలో 1,200 జననాలు, 240 చావులు నమోదయ్యాయనుకుందాం. రేటు 200. నిజంగా పుట్టింది 1,500 మంది, 300 జననాలు రిజిస్టరుకు ఎక్కలేదు, చావులు మాత్రం అన్నీ ఎక్కాయి అనుకుంటే అసలు రేటు 160. ఎక్కని ఆ 300 మందిలో 60 మంది పోతే, వాళ్ళ చావులూ ఎక్కకపోతే, అసలు చావులు 300, రేటు మళ్ళీ 200. రెండు తప్పులు కలిసి సరైన అంకె చూపించవచ్చు, చూపించకపోవచ్చు. అంకె నమ్మదగినట్టు ఉంది కదా అని రిజిస్టరు బాగుందనుకోకూడదు.

రిజిస్టరు ఎంత పూర్తిగా ఉందో తూచడానికి రెండు రాళ్ళు ఉన్నాయి. ఒకటి, ఆ రెండు దశాబ్దాల్లో దేశంలో జననాల రేటు వెయ్యి మందికి 45 దగ్గర ఉండేదని జనాభా లెక్కల నుంచి కట్టిన అంచనా. పట్టణంలో కొంత తక్కువ ఉండొచ్చు. కానీ మీ రిజిస్టరు 25 చూపిస్తే జననాలు పోయాయని అర్థం. ఇక్కడ మాత్రం 1921, 1931 జనాభా లెక్కలు కావాలి. రెండోది ఆడ మగ నిష్పత్తి. వంద మంది ఆడపిల్లలకు 105 మంది మగపిల్లలు పుట్టడం ప్రకృతి. 615 మంది మగపిల్లలు నమోదైతే 585 మంది దాకా ఆడపిల్లలు ఉండాలి. 540 మందే ఉంటే కనీసం 45 మంది ఆడపిల్లల పుట్టుక ఎవరూ చెప్పలేదన్నమాట. చావుల్లో కూడా అలాగే విడదీయండి. పేరు లేని ‘ఆడ శిశువు’ ఎంట్రీలను పేరు లేవని వదిలేస్తే ఈ లెక్క సర్వనాశనం అవుతుంది.

పుట్టింటి కాన్పు ఇంకో పెద్ద చిక్కు. కాకినాడ కోడలు తొలి కాన్పుకు రామచంద్రపురం పుట్టింటికి పోతుంది. జననం అక్కడ ఎక్కుతుంది. అయిదో నెలలో బిడ్డతో తిరిగొస్తుంది. బిడ్డ ఎనిమిదో నెలలో పోతే చావు కాకినాడది. పల్లె నుంచి పట్టణం ఆసుపత్రికి వచ్చి కనే తల్లుల విషయంలో ఇది తలకిందులవుతుంది. ఇంగ్లండులో ఆ కాలపు పట్టణ జిల్లాల ఆరోగ్యాధికారులు ఇలాంటి చావులను ఇంటి ఊరికి బదిలీ చేసి నికర అంకెలు వేసేవారు. మన దగ్గర ఆ బదిలీ లేదు. అందుకని చావు ఎంట్రీలో ఉన్న ప్రతి బిడ్డకూ జనన పుస్తకంలో జత వెతికి, దొరకనివాళ్ళను విడి పద్దులో చూపించండి. కలిపేసి దాచకండి.

వయసు చెప్పే తీరు కూడా తెలియాలి. పది నెలల బిడ్డను ‘ఏడాది పిల్ల’ అంటాం, పదమూడు నెలల బిడ్డను ‘రెండో ఏడు’ అంటాం. ‘1’ అని రాసిన గడిలో ఈ ఇద్దరూ ఉంటారు. ‘6 నెలలు’, ‘1 ఏడు’ దగ్గర అంకెలు గుట్టలు పడితే అవి నోటిలెక్కలు. జత దొరికిన ఎంట్రీల్లో పుట్టిన తేదీ నుంచి అసలు వయసు కట్టి, ఎంతమందిని ‘1’ గడి మింగిందో కనుక్కుని, మిగతావాళ్ళకూ అదే పాళ్ళలో సర్దడం మేలు.

ఏ ఏడు నుంచి మొదలుపెట్టాలి? 1919 వద్దు. 1918 చివరి ఇన్‌ఫ్లుయెంజా వల్ల 1919 మధ్యలో జననాలు పడిపోయాయి. అంతకు ముందు పుట్టిన పిల్లల చావులను ఆ తక్కువ జననాలతో భాగిస్తే రేటు ఉత్తినే ఎగురుతుంది. 1921 నుంచి పట్టండి. జిల్లా అంకెలతో పోల్చేవాళ్ళకు ఇంకో మాట. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేదాకా ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం కృష్ణా జిల్లాలో ఉండేవి. 1924 ‘గోదావరి జిల్లా’లో ఏలూరును వెతికితే దొరకదు. ఇంగ్లిషు నివేదికల్లో కాకినాడ ‘కొకనాడ’గానూ, ఏలూరు ‘ఎల్లోర్’గానూ ఉంటాయి.

పట్టిక ఏ నమూనాలో వేయాలన్నదానికి అప్పటి ఇంగ్లండు పట్టణ ఆరోగ్య నివేదికల్లో మంచి పోలిక ఉంది. ఒక పక్క కారణాలు. పైన వయసులు: మొదటి వారం, రెండు, మూడు, నాలుగు వారాలు, ఆ నాలుగూ కలిపిన మొత్తం, తర్వాత మూడు నెలల దాకా, ఆరు, తొమ్మిది, పన్నెండు. మన పట్టణాలకు అదే పట్టిక వేస్తే పక్కపక్కన పెట్టి చదవొచ్చు. వాళ్ళ నివేదికల్లోనూ ‘ఈడ్పులు’, ‘బలహీనం’ అనే పద్దులు ఉండేవి. డాక్టర్లు పెరిగేకొద్దీ అవి తగ్గి, వాటిలోని చావులు వేరే పేర్లకు మారాయి. కాబట్టి అక్కడ ఒక జబ్బు పెరిగినట్టు, ఇంకోటి తగ్గినట్టు కనిపించే ప్రతిదీ నిజం కాదు. 1911 ఎండలకు మాత్రం వాళ్ళ పసిపిల్లలు నిజంగానే విరేచనాలతో రాలిపోయారు. 1910లో వెయ్యికి 105 ఉన్న రేటు ఆ ఏడు 130కి చేరి, మరుసటేడు 95కు దిగింది.

కాస్త గణితం తెలిసినవాళ్ళు 1951లో ఫ్రెంచి జనాభా శాస్త్రవేత్త బూర్జ్వా-పిషా చెప్పిన పద్ధతి వాడాలని చూస్తారు. రోజుల సంఖ్యకు ఒకటి కలిపి, దాని లాగరిథమ్‌ను ఘనం చేసి అడ్డగీత మీద వేస్తారు. 30 రోజులకు 3.3, 90కి 7.5, 180కి 11.5, 365కి 16.8 వస్తాయి. అప్పటిదాకా పోయినవాళ్ళ మొత్తాన్ని నిలువున వేస్తే మొదటి నెల తర్వాతి బిందువులు దాదాపు తిన్నని గీత మీద పడతాయి. ఆ గీతను సున్నా దాకా వెనక్కి లాగితే అది నిలువుగీతను తాకే చోటు పుట్టుకతో వచ్చిన కారణాల చావులని, మిగతావి బయటి నుంచి వచ్చినవని అంటారు. మన డెల్టాకు దీన్ని ఉన్నదున్నట్టు వాడకండి. ధనుర్వాతం, బొడ్డు చీము బయటి నుంచి వచ్చినవే అయినా మొదటి నెలలోనే చంపుతాయి. ఈ పద్ధతి వాటిని పుట్టుక లోపాల్లో కలిపేస్తుంది. ముందు రోజువారీ దిబ్బను లెక్కించి తీసేసి, ఆ తర్వాతే గీత గీయండి.

చివరగా, ఈ పుస్తకాలు పెట్టుకున్న మునిసిపల్ కమిషనర్లకు. జనన రిజిస్టర్లను పాస్‌పోర్టు కోసమో వయసు ధ్రువపత్రం కోసమో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, కనక వాటిని బాగు చేయిస్తారు. ఎనభై, తొంభై ఏళ్ళ నాటి మరణాల రిజిస్టరును అడిగేవాళ్ళు లేరు. అయినా జనన, మరణ, మృతశిశు రిజిస్టర్లు మూడూ శాశ్వత రికార్డులని, ధ్వంసం చేయరాదని నియమాలే చెబుతున్నాయి. మన గాలిలో తేమకు సిరా కాగితాన్ని తినేస్తుంది, చెదలు అట్టలను తింటాయి. లామినేషన్ చేయించకండి, దాన్ని మళ్ళీ విడదీయలేరు. నేల మీద, గోడకు ఆనించి పెట్టకుండా ఇనుప ర్యాకులో అడుగు ఎత్తున ఉంచితే చాలావరకు నిలుస్తాయి. స్కాన్ చేయించేటప్పుడు పేజీ నంబరు కనబడేలా, ఖాళీ గడులూ అంచుల్లో రాసిన రిమార్కులూ పడేలా, 300 డీపీఐకి తగ్గకుండా తీయించండి. కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళు కారణం గడికి రెండు వరుసలు పెట్టాలి. ఒకదానిలో పుస్తకంలో ఉన్న మాట అక్షరం మార్చకుండా. రెండోదానిలో ఇప్పటి అర్థం, అది ఎవరు ఏ ఆధారంతో వేశారో గుర్తుతో. వయసును ‘1 లోపు’ అని కుదించకుండా రోజుల్లో, నెలల్లో ఎలా ఉంటే అలా ఎక్కించాలి. పేర్లు, కులాలు పరిశోధకుడి కాపీలో ఉండాలి, బయటికిచ్చే పట్టికలో ఉండకూడదు.

ఇప్పుడు మరణ కారణం ధ్రువపత్రం నింపే డాక్టర్లకూ ఇది సంబంధించినదే. నాలుగో నంబరు ఫారంలో పసిబిడ్డ వయసు నెల లోపైతే రోజుల్లో, రోజు లోపైతే గంటల్లో రాయమని ఉంటుంది. కారణం కింద చివరి వరుసలో అసలు జబ్బు రాయాలి. అక్కడ ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’ అని రాసి సంతకం పెడితే అది ఈ నాటి ‘జ్వరం’. నెలలు నిండకుండా పుట్టిందా, ఎంత బరువుతో పుట్టింది, కాన్పు ఎక్కడ జరిగింది అన్నది ఆ వరుసలో రాయడానికి రెండు నిమిషాలు చాలు.

ఇట్లు,
జనన మరణ గణాంకాలపై పనిచేసే కొందరు,
కాకినాడ